మా నాన్న పేరు తీసేసిన పాట

మొన్న మా దీవుల తెలుగు సంఘం కార్యదర్శిగారు మిడిల్ పాయింట్ నుంచి ఆటో కట్టించుకుని మరీ డిగ్నాబాద్‌లో మా ఇంటికి వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విప్పి, కుర్చీలో సర్దుకుని, టీ తాగి, బిస్కెట్లు వద్దంటూనే రెండు తిని, పోయిన ఆదివారం మా వదినకు చేసిన సన్మానం మీద ప్రత్యేక సంచిక వేస్తున్నామనీ, ఆవిడ ఆడపడుచుని కనుక నేను నాలుగు తీపి జ్ఞాపకాలు చెప్పాలనీ అడిగారు. తీపి అనే మాట ఆయన మూడుసార్లు అన్నారు. నాకు షుగరండీ, తీపి మా ఇంట్లో ఉంచుకోం అన్నాను. ఆయన నవ్వారు, నేను నవ్వలేదు. ఉన్నవి చెబుతాను, రుచి సంగతి మీరు చూసుకోండని పంపించాను.

అందుకని చెబుతున్నాను. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. ఈ పిల్లకు తెలుగు మాట్లాడ్డం వచ్చినంతగా రాయడం రాదు, హిందీలో చదువుకుంది, ఒత్తు వచ్చినప్పుడల్లా ఆగి నా మొహం చూస్తుంది, నాకేమో అక్షరం ఆనదు, ఇద్దరం కలిస్తే ఒక మనిషి చదువు. అక్షరాలు దిద్దుకోండి, పరవాలేదు. మాటలు మాత్రం దిద్దకండి. మా కుటుంబంలో మాటలు దిద్ది ఒకసారి ఏం చేశారో చెప్పడానికే ఈ పూట కూర్చున్నాను.

మా వదిన ఎవరో నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు. పోస్టర్ల మీద దీవుల కోయిలమ్మ అని వేస్తారు. మోకాళ్ళ దాకా ఎగగట్టిన చీర, నెత్తిన కొత్త గంప, గంపలో ప్లాస్టిక్కు చేప, ఆ వేషంతో నలభై ఏళ్ళు స్టేజీలెక్కింది. విశాఖపట్నం, రాజమండ్రి, హైదరాబాదు, టీవీలు, ఎక్కడికి వెళ్ళినా గంగపుత్రుల ఆడపడుచునంటుంది. ఆవిడ పుట్టింది ఈ ఊళ్ళోనే, డెలానీపూర్ గవర్నమెంటు క్వార్టర్లలో. వాళ్ళ నాన్న ఒక ఆఫీసులో ప్యూను. మా అన్నయ్యను చేసుకుని మా ఇంటికి వచ్చిన మొదటి నెల, ఎండుచేపలు ఆరేసిన వాకిట్లోంచి నడవాల్సి వస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. గంప మోయడం మాట అలా ఉంచండి, గంప ముట్టుకుంటే చేతులు కడుక్కునేది, అది కూడా సబ్బుతో. అలాంటి మనిషి గంప నెత్తిన పెట్టుకుని నవ్వుతున్న ఫోటో మొదటిసారి గోడ మీద చూసినప్పుడు మా అమ్మ చాలాసేపు నిలబడి చూసి, "చుట్టకుదురు ఎట్టుకోనేదు సూడు, అలగెడితే మెడ ఇరిగిపోదేటి" అంది, అంతే.

మా అమ్మ సంగతి చెబితే గానీ మిగతాది అర్థం కాదు. మా అమ్మ, నాన్న శ్రీకాకుళం సముద్రపొడ్డు మీద నుంచి పెళ్ళయిన కొత్తలో ఓడెక్కి ఈ దీవులకు వచ్చారు. నాన్న డోంగీ మీద, అదే మా చిన్న పడవ మీద, చేపల వేటకు వెళ్ళేవాడు, అమ్మ గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. అమ్మ గొంతు గొప్ప గొంతేమీ కాదు, బొంగురుగా ఉండేది, కానీ మా వాడలో ఆడవాళ్ళకు ఏ పాట కావాలన్నా అమ్మ దగ్గరకే వచ్చేవాళ్ళు. వల బాగుచేసేటప్పటి పాట, చేపకు ఉప్పు వేసేటప్పటి పాట, పిల్లకు చెవులు కుట్టేటప్పటి పాట. చేతిలో పని లేకుండా అమ్మ పాడగా నేను చూడలేదు. చేతులు ఊరికే ఉంటే పాట రాదనేది. ఇప్పుడు మైకు పట్టుకుని చెయ్యి గాల్లో ఊపుతూ పాడేవాళ్ళను చూస్తే నాకు ఆ మాటే గుర్తొచ్చి చిరాకేస్తుంది.

ఆ రోజుల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు నోట పలికేవాళ్ళు కాదు, అది మీ అందరికీ తెలుసు. మా మనవరాలు దీన్ని నమ్మదు, మరి ఎలా పిలిచేవాళ్ళు దాదీ అంటుంది. పిలవకుండానే బతికేవాళ్ళం తల్లీ. మా నాన్న పేరు అప్పన్న. సింహాచలం దేవుడి పేరు. నాన్న పోయాక అమ్మ రేషను కార్డు మార్చుకోవడానికి వెళితే అక్కడి గుమస్తా హిందీ మనిషి, పతి కా నామ్ అని అడిగాడు. అమ్మ చెప్పదు. పక్కన తెలుగువాళ్ళు ఎవరూ లేరు, నేను పదేళ్ళ పిల్లను, అన్నయ్యతో కలిసి బయట మెట్ల మీద కూర్చున్నాను. అమ్మ తనకు వచ్చిన హిందీలో, "పహాడ్ కా భగవాన్, చందన్ వాలా, వహీ నామ్ భయ్యా" అందట. కొండ మీద దేవుడు, చందనం పూసుకునేవాడు, ఆ పేరే అని. గుమస్తా తలూపి చందన్ అని రాసుకున్నాడు. ఆ తర్వాత ఏ కాగితం తీసినా ఆ కాగితం చూసే రాశారు. అలా మా నాన్న గవర్నమెంటువారి లెక్కలో చందన్ అయిపోయాడు. నవ్వొస్తుంది కదూ, మేమూ నవ్వుకున్నాం. కానీ ఆలోచించండి. నాన్న వేటకు వెళ్ళిన పొద్దున మబ్బు కూడా లేదు. రెండో రోజు డోంగీ దొరికింది, మనిషి దొరకలేదు. కాల్చలేదు, పూడ్చలేదు. కాగితం మీద చూస్తే చందన్ అనే ఎవరో పోయాడు. అప్పన్న అనే మనిషి ఈ భూమ్మీద తిరిగాడనడానికి మాకు మిగిలిన గుర్తు ఒక్కటే, అది పాట.

దాన్ని మావాళ్ళు పేర్ల పాట అనేవాళ్ళు. ఏడాదికి ఒక్కసారి, గంగమ్మ పండగ నాడు, పూజలు అయిపోయి మగవాళ్ళు భోజనాలకు వెళ్ళాక, సముద్రం మింగిన మగవాళ్ళ పెళ్ళాలు ఒడ్డున వరసగా కూర్చుని పాడేవాళ్ళు. మిగతా ఆడవాళ్ళు వెనక కూర్చుని అందుకునేవాళ్ళు.

పొద్దు గుంకిపోయింది, కూడు సల్లారిపోయింది,
పేరెట్టి పిలిసినాను, పలకవా...

అక్కడ ఒక్కొక్క మనిషి తన మొగుడి పేరు పెట్టి పిలిచేది. బతికున్నన్నాళ్ళు ఒక్కసారి కూడా పలకని పేరు. వెనకవాళ్ళు పలకవా, పలకవా అనేవాళ్ళు మెల్లిగా. పేరు దగ్గర గొంతు పైకి లేవదు, కిందికి దిగుతుంది, అది గుర్తుపెట్టుకోండి. సముద్రం వైపు కేకేసినట్టు కాదు, గదిలో పడుకున్న మనిషిని అన్నానికి లేపినట్టు. మా అమ్మ వంతు వచ్చినప్పుడు నేను ముందుకు జరిగి కూర్చునేదాన్ని. అప్పన్నా అని అమ్మ పిలిస్తే, అమ్మ అంత చిన్నపిల్ల గొంతుతో మాట్లాడగలదని మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ ఎవరికీ తెలియదు.

ఆ పాట ఇంటిది. ఇంట్లోనే ఉండాలి. కూతురికి ఇవ్వకూడదు, కూతురు ఇంకో ఇంటికి పోతుంది, అక్కడ ఆమె పిలవాల్సిన పేర్లు వేరే ఉంటాయి. కోడలికి ఇవ్వాలి. కానీ కోడలు మామగారి పేరు పలకకూడదు కదా, దానికీ ఒక పద్ధతి ఉండేది. అత్త కోడలిని నీళ్ళ దగ్గరకు తీసుకెళ్ళి దోసెడు సముద్రపు నీళ్ళు నోట్లో పోసి పుక్కిలించి ఉమ్మమంటుంది. ఇక ఈ పాట మటుకు నీ నోరు నీది కాదు, నాది అంటుంది. అప్పుడు పేరు చెబుతుంది. మా వదినకు అమ్మ అలా చేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. నాకు పద్దెనిమిదేళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదు, ఆ పాటలో ప్రతి మలుపూ నాకు వచ్చు. వదినకు ఒక్క చరణం కూడా సరిగ్గా రాదు. ఉప్పునీళ్ళు నోట్లో పడగానే మొహం చిట్లించి థూ థూ అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చాక అమ్మతో పోట్లాడాను. అమ్మ చేపల చెయ్యి కడుక్కుంటూ, "నువ్వెల్లిపోయే గుంటవి. దాని గొంతు బాగుంది. పేరు నాలుగు కాలాలుంటాది" అంది. దాని గొంతు బాగుంది! ఆ మాట నాకు ఇవాళ్టికీ మింగుడు పడలేదు, ఎందుకంటే అది నిజం. వదిన గొంతు మా అందరి గొంతుల కన్నా బాగుంది. కార్యదర్శిగారూ, తీపి కావాలన్నారు కదా, ఇదొక్కటే, రాసుకోండి.

ఆ గొంతే ఊరి మీద పడింది. మొదట డెలానీపూర్ దుర్గాపూజ స్టేజీ మీద అమ్మ నేర్పిన ఉప్పుచేపల పాట పాడింది, బెంగాలీలు, తమిళులు, రాంచీవాళ్ళు అందరూ ఈలలు వేశారు. తర్వాత మిడిల్ పాయింట్‌లో, తర్వాత పెద్ద ఆఫీసర్ల ఫంక్షన్లలో. మా అన్నయ్య డోంగీ మానేసి హార్మోనియం పెట్టె మోసే ఉద్యోగంలో చేరాడు. అమ్మ ఏమీ అనేది కాదు, పైగా కొత్త పాట ఏదైనా గుర్తొస్తే వంటింట్లోంచి పిలిచి మరీ నేర్పేది. నేను పక్క వీధిలో కాపురం ఉంటూ ఇదంతా చూసి పళ్ళు నూరుకునేదాన్ని. ఒకసారి ఎవరో పేపరువాళ్ళు వచ్చి ఈ పాటలు మీకెవరు నేర్పారమ్మా అని అడిగితే, సముద్రపు అలలు నేర్పాయండీ అని చెప్పింది. అలలు! గంప మోసి మోసి నడినెత్తిన జుట్టూడిన మనిషి, చేప ముల్లు గుచ్చుకుని వేళ్ళు వంకరపోయిన మనిషి, అయిదు గజాల దూరంలో వీళ్ళకే టీ కాస్తోంది. ఆ అల వదినకు కనిపించలేదు.

క్యాసెట్ల రోజులు వచ్చాయి. విశాఖపట్నం నుంచి ఒక కంపెనీ ఆయన కబురు చేస్తే వదిన, అన్నయ్య ఓడెక్కి వెళ్ళారు. వెళ్ళేముందు వదిన అమ్మ కాళ్ళకు దండం పెట్టి, పేర్ల పాట కూడా పాడతానత్తా, మావయ్య పేరు దేశమంతా వింటుందని చెప్పింది. నేను వద్దన్నాను. గంగమ్మ ముందు తప్ప పాడని పాట డబ్బాలో పెట్టడమేమిటన్నాను. కానీ అమ్మ మొహం వెలిగిపోయింది. దేశమంతా అప్పన్న అని వింటుంది. కాగితంలో లేని పేరు క్యాసెట్లో ఉంటుంది. అమ్మ ఆశ అది. అమ్మ ఏదైనా కోరుకోగా నేను చూసింది ఆ ఒక్కసారే.

రెండు నెలలకు ఓడ వచ్చింది. అట్టపెట్టె నిండా క్యాసెట్లు, మీద వదిన బొమ్మ. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా వాకిట్లో పక్కింటివాళ్ళ టేప్‌రికార్డరు పెట్టారు, వాడంతా వచ్చి కూర్చుంది. అమ్మ ఆ రోజు గంప ఎత్తలేదు. స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుని గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. మూడు పాటలయ్యాక పేర్ల పాట మొదలైంది. మొదలవడమే డోలక్కు, తాళాలు, ఈలలాంటి వాయిద్యం ఒకటి. నేను అమ్మ వైపు చూశాను, అమ్మకు అదేమీ పట్టలేదు, పేరు కోసం ముందుకు వంగి కూర్చుంది. పొద్దు గుంకిపోయింది అయింది, కూడు సల్లారిపోయింది అయింది, పేరెట్టి పిలిసినాను అయింది.

బావా బావా పలకవా, అంది క్యాసెట్టు. గొంతు పైపైకి వెళ్ళి, చివర చిన్న నవ్వు కూడా.

వాకిట్లో పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళు కొట్టలేదు. అమ్మకు అర్థం కాలేదు. యంత్రం పేరును మింగేసిందనుకుంది. "టేపు సుట్టుకుపోనాదేటో, ఎనక్కి తిప్పండర్రా" అంది. తిప్పారు. మళ్ళీ బావా. "అయితే ఆ పక్కనుంటాది. ఆ పక్క ఎట్టండి." క్యాసెట్టు తిప్పి రెండో పక్క మొత్తం వేశారు. అమ్మ చివరి దాకా కదలకుండా వింది. టేపు అయిపోయి బటన్ టక్కున పైకి లేచింది. అప్పుడు వదిన వైపు చూసి, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు, "నోరు కడిగే ఇచ్చినాను కదే, మరేటైంది?" అని అడిగింది.

వదిన నేల చూస్తూ, "కంపెనీ ఆయన ఒప్పుకోనేదత్తా. అప్పన్న అంటే ఎవురికి తెలుసు, ఏడుపు పాట ఎవురు కొంటారు, బావా అంటే హిట్టవుద్దన్నాడు" అంది. తర్వాత మెల్లిగా ఇంకో మాట కలిపింది, మామగారి పేరు అంతమంది మగాళ్ళ ముందు నోటికి రానేదని. అదిగో, ఆ రెండో మాట విని నేను లేచాను. మగాళ్ళ ముందు మోకాళ్ళు కనబడేలా చీర కట్టడానికి రాని సిగ్గు అప్పన్న అనడానికి వచ్చిందా అని వాడంతా వినేలా అడిగాను. అన్నయ్య నన్ను కొట్టడానికి చెయ్యెత్తాడు. అమ్మ, "ఒగ్గీరా. అయిపోనాది" అని లోపలికి వెళ్ళి ఉతికిన చీర విప్పేసి పాత చీర కట్టుకుంది.

కంపెనీ ఆయన మాట నిజమే. హిట్టయింది. ఆటోల్లో, పెళ్ళిళ్ళలో, వినాయక నిమజ్జనంలో, ఓడలో సరుకు దించే దగ్గర, ఎక్కడ విన్నా బావా బావా. మొగుడు పోయిన ఆడది ఒడ్డున కూర్చుని పిలిచే పిలుపుకు కుర్రకారు నడుములు తిప్పారు. ఆ ఏడు గంగమ్మ పండక్కి అమ్మను పిలవడానికి వాడవాళ్ళు వస్తే వెళ్ళలేదు. ఎంగిలైపోయిన పాట తల్లి ముందు ఎట్టమంటావేటే అంది. తర్వాత రెండేళ్ళు బతికింది. పేర్ల పాట కాదు కదా, వల పాట కూడా మళ్ళీ పాడలేదు. చేపలు కోసేటప్పుడు ఆ చేతులు ఊరికే కదిలేవి. పాట లేని ఆ చప్పుడు మీరు విని ఉండరు, నేను విన్నాను. వదిన అప్పటికి విశాఖపట్నంలో ఇల్లు తీసుకుంది. అమ్మ పోయినప్పుడు ఓడ దొరకలేదని పదకొండో రోజుకు వచ్చింది. ఆ రోజు తర్వాత నేను ఆవిడతో మాట్లాడలేదు. అన్నయ్య పోయినప్పుడు కూడా ఫోన్లో మా అబ్బాయి చేతే మాట్లాడించాను. కఠినమే. కాదని ఎవరన్నారు?

ఇప్పుడు సన్మానం సంగతి. దానికి నాలుగు రోజుల ముందు మధ్యాహ్నం మా ఇంటి ముందు కారు ఆగింది. చూద్దును కదా, చేతికర్రతో వదిన. ఎనభై దగ్గరికి వచ్చింది, వంగిపోయింది, జుట్టుకు రంగు మాత్రం ఉంది. గుమ్మంలో నిలబడి, "ఏటే, లోనికి రమ్మనవేటే?" అంది. మా మనవరాలు ఎదురెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది, ఆవిడ ఫోటోలు ఫోన్లో ఉంచుకున్న పిల్ల మరి. వదిన నా వైపు చూసి, "కోపం ఇంకా ఆరనేదా? ముప్ఫై అయిదేళ్ళు ఆరేస్తే సొరచేపైనా ఎండిపోద్దే" అంది. పిల్ల నవ్వింది. నా పెదవి కూడా కదలబోయింది, ఆపుకున్నాను. నవ్వించడం ఆవిడకు ఎప్పుడూ వచ్చు, దానితోనే కదా బతికింది.

తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆదివారం స్టేజీ మీద ఆ పాట పేరుతో పాడతానంది. మావయ్య పేరుతో. ఇదే ఆఖరి స్టేజీ, డాక్టరు ఇక ప్రయాణాలొద్దన్నాడు. కానీ పేరు దగ్గర వరస గుర్తు లేదు. ఇన్నేళ్ళు బావా బావా అని పైకి పాడి పాడి, కిందికి దిగే దారి మరిచిపోయింది. ఎంత ప్రయత్నించినా గొంతు పైకే పోతోందట. ఆ వరస తెలిసినవాళ్ళు వాడలో ఎవరూ మిగల్లేదు, నేను తప్ప. నేర్పమని అడగడానికి వచ్చింది.

మీరే చెప్పండి, నేనేం చెయ్యాలి? నేర్పితే ఆ పాటతో ఇంకోసారి చప్పట్లు కొట్టించుకుంటుంది, పేపర్లో ఇంకో ఫోటో పడుతుంది. నేర్పకపోతే మా నాన్న పేరు నా గొంతులోనే ఉండి నాతో పోతుంది. నేను కూతుర్ని, పాడేందుకు నాకు హక్కు లేదు. మా అమ్మ ఆ నోరు కడిగింది కానీ ఈ నోరు కడగలేదు. పొమ్మని చెప్పాలనే నోరు తెరిచాను. అంతలో వదిన మా పిల్లతో, "అమ్మా, సముద్రం దాకా నడవలేను. గిన్నెలో ఉప్పునీళ్ళు కలిపి తే" అంది. పిల్ల తెచ్చింది. వదిన చేతికర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, ఆ నీళ్ళు నోట్లో పోసుకుని, ఈసారి మొహం చిట్లించకుండా పుక్కిలించి ఉమ్మి, తూర్పు వైపు తిరిగి మామగారి పేరు పలికింది. ఇంకేమంటాను? మూడు మధ్యాహ్నాలు కూర్చోబెట్టి నేర్పాను. వరస తప్పినప్పుడల్లా తిట్టాను, ఆ తిట్లలో ముప్ఫై అయిదేళ్ళ బాకీ కొంత తీర్చుకున్నాను, ఆవిడ కిక్కురుమనకుండా పడింది. మూడో రోజుకు వచ్చింది. గొంతు వణుకుతోంది కానీ దిగాల్సిన చోట దిగింది. ఆ గొంతే మా అమ్మ ఎంచుకున్న గొంతు, ఎందుకు ఎంచుకుందో నాకు అప్పుడు తెలిసింది. అది కూడా రాసుకోండి, ఇస్తున్నాను.

ఆదివారం సాయంత్రం నేనూ వెళ్ళాను. హాలు నిండింది. శాలువాలు, పూలదండలు, ఉపన్యాసాలు, దీపం మూడుసార్లు ఆరిపోవడం, అన్నీ అయ్యాక వదినకు మైకిచ్చారు. ఈ పాట మా అత్తది, ఇందులో మా మామగారి పేరుంది, ఇన్నాళ్ళూ నేను తీసేసి పాడాను, ఇవాళ ఉన్నదున్నట్టు పాడతానని చెప్పింది. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు, వెనక ఎవరో అప్పటికే డోలక్కు మొదలుపెట్టారు. పొద్దు గుంకిపోయింది అంది. ఈలలు. కూడు సల్లారిపోయింది అంది. జనం లేచి నిలబడి ఫోన్లు పైకెత్తారు. పేరెట్టి పిలిసినాను పలకవా అని, వదిన కళ్ళు మూసుకుని, గొంతు దించి, అప్పన్నా అంది.

వినబడలేదు. అయిదొందల మంది ఒక్క గొంతుతో బావా బావా అని అరిచారు.

వదిన కళ్ళు తెరిచింది. మళ్ళీ చరణం ఎత్తుకుంది. మళ్ళీ అక్కడికి వచ్చేసరికి హాలు కప్పు ఎగిరిపోయేలా బావా. పక్కనున్న నా మనవరాలు కూడా, నేర్పుతున్నప్పుడు మూడు రోజులూ ఎదురుగా కూర్చున్న పిల్ల, అలవాటు కొద్దీ బావా అనేసి నాలుక కరుచుకుంది. రాయవే, సిగ్గెందుకు, నువ్వన్నదే కదా. కార్యదర్శిగారూ, మీరు మొదటి వరసలో నిలబడి చేతులూపుతున్నారు, మీరూ అన్నారు, నేను చూశాను. మూడోసారి వదిన మొదటి వరసల మీదుగా కళ్ళతో నా కోసం వెతికింది. నేను తలూపాను, పాడు, ఎంత చిన్నగా అయినా పాడు, వినేదాన్ని ఒకదాన్ని ఉన్నానని. ఒక్క క్షణం నా వైపు చూసింది. ఆ తర్వాత ముఖం మీదికి ఆ పోస్టరు నవ్వు తెచ్చుకుని, మైకు జనం వైపు చాపింది.

నేను లేచి వచ్చేశాను. వెనక నుంచి చప్పట్లు మిడిల్ పాయింట్ దాకా వినిపించాయి. మర్నాడు పొద్దున్న వదిన మా పిల్ల ఫోనుకు మూడుసార్లు చేసింది, నేను తీయనివ్వలేదు. ఆ మధ్యాహ్నం విమానమెక్కి వెళ్ళిపోయింది.

తప్పెవరిదని మా పిల్ల అడుగుతోంది. తప్పు వదినదే, ఎనభై ఏళ్ళొచ్చాయని తప్పు ఒప్పవదు. కానీ ఒకటి ఆలోచిస్తున్నాను. ఇప్పటి ఆడపిల్లలు మొగుడి పేరు పొద్దస్తమానం పిలుస్తారు, స్కూటరు తాళం ఎక్కడ పెట్టావని పిలుస్తారు, పాలు తెమ్మని పిలుస్తారు, ఒరే అని కూడా అంటారు. మంచిదే, మాకు లేని సుఖం, నేను ఏడవను. వాళ్ళకు ఆ పాటలో పేరు ఎందుకుండాలో ఎలా చెప్పను? ఏడాదంతా దాచుకుని ఒక్క పూట నోరు విప్పే మనిషిని వాళ్ళు చూడలేదు. వేటకు వెళ్ళేవాళ్ళ చేతిలో ఇప్పుడు సముద్రంలో దారి చూపించే మెషీన్లున్నాయి, చాలామంది తిరిగొస్తున్నారు, గంగమ్మ చల్లగా చూడాలి. పండగ నాడు ఒడ్డున వరసగా కూర్చునే ఆడవాళ్ళు లేరు, ఆ చోట పార్కు బెంచీలు వేశారు, స్పీకర్లు పెట్టి ఆ పాటే వేస్తున్నారు. పాట ఎక్కడికీ పోలేదు, నా కన్నా, వదిన కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. అందులో అప్పన్న అనే మనిషిని పిలవాల్సిన చోటు తెలిసినవాళ్ళం ఈ లోకంలో ఇద్దరం ముసలివాళ్ళమే మిగిలాం, మా ఇద్దరికీ మాటల్లేవు.